తాళంచెవితో పాటు కాటా చీటీ కూడా ఇవ్వండి

వ్యాన్లను క్యాంపర్లుగా, అంటే లోపలే పడుకుని వండుకునే బండ్లుగా, మార్చి ఇచ్చే వర్క్‌షాపుల యజమానులకు, అక్కడ పనిచేసే మెకానిక్‌లకు, వడ్రంగులకు, వైరింగ్ చేసేవాళ్ళకు,

నమస్కారం.

మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పని పూర్తయి బండి తాళంచెవి మా చేతిలో పెట్టే రోజున ఒక కాటా చీటీ కూడా పెట్టండి. డీజిల్ ట్యాంకు నిండుగా, నీళ్ళ ట్యాంకు నిండుగా, ఎక్కాల్సిన మనుషులు సీట్లలో కూర్చుని ఉండగా వేబ్రిడ్జి మీద తూచిన చీటీ. మొత్తం ఎంత, ముందు యాక్సిల్ (ఇరుసు) మీద ఎంత, వెనక యాక్సిల్ మీద ఎంత, వీలైతే ఒక్కో చక్రం మీద ఎంత. ఆ అంకెల పక్కనే, తలుపు చట్రం దగ్గరి ప్లేటు మీద కంపెనీవాళ్ళు కొట్టిన పరిమితులు. అంతే.

చిన్న కాగితమే. అది లేకపోవడం వల్ల నేనూ నా బండీ పడ్డ పాట్లు మాత్రం చిన్నవి కావు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం నేను ఒక ఆల్ వీల్ డ్రైవ్ వ్యాన్, అంటే అవసరమైతే నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందేది, కొన్నాను. తారు రోడ్డు అయిపోయిన తర్వాత మొదలయ్యే దారుల్లో తిరగాలని, రాత్రిళ్ళు అందులోనే పడుకోవాలని చాలాకాలంగా ఉన్న కోరిక. దాన్ని ఒక వర్క్‌షాపులో అప్పగించాను. నాలుగు నెలలు చేశారు. మంచం, వంటగట్టు, అల్మారాలు, పైన స్టీల్ ప్లాట్‌ఫారం, పక్కన ఆనింగ్ (నీడకి చాపే పరదా), వెనక తలుపు మీద స్టెప్నీ బ్రాకెట్, కింద బండిని ఎత్తడానికి 50 మిల్లీమీటర్ల లిఫ్ట్, పెద్ద టైర్లు. పనితనానికి వంక పెట్టే వీల్లేదు. అల్మారా తలుపులు ఎంత నున్నగా ఉన్నాయంటే, మొదటి వారం వాటిని ఊరికే తెరిచి మూస్తూ ఉండేవాణ్ణి.

మొదటి పెద్ద ప్రయాణంలో రెండో రోజు, రాళ్ళ దారి. గంటకు 15 కిలోమీటర్లకు మించి పోవడం లేదు. అయినా దారి కాస్త దిగి లేచిన ప్రతిచోటా వెనక నుంచి ధబ్ ధబ్‌మని ఒకటే చప్పుడు. ఏదో సామాను కదులుతోందిలే అనుకున్నాం. సాయంత్రం బండి ఆపి టార్చి వేసుకుని కిందకి దూరాను. వెనక యాక్సిల్ పైన, దెబ్బ కాచుకోవడానికి ఉండే రబ్బరు దిమ్మ, బంప్ స్టాప్, రెండుగా చీలిపోయి ఉంది. అంటే స్ప్రింగు పని అయిపోయి, రోజంతా యాక్సిల్ నేరుగా చాసిస్‌కే కొట్టుకుంటూ వచ్చిందన్నమాట. ముందు వైపు కుడి చక్రం లోపలి అంచున నల్లటి గ్రీజు, పిచికారీ కొట్టినట్టు చుట్టూరా అంటుకుని ఉంది. వేలితో తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఇసుక కరకరలాడింది. సీవీ జాయింటు, అంటే చక్రానికి శక్తి అందించే కీలు, దాని రబ్బరు బూటు (తొడుగు) చిరిగి, గ్రీజు బయటికి పోయి, ఆ చోట్లోకి దుమ్ము చేరుతోంది. అక్కడి నుంచి మళ్ళీ తారు రోడ్డు 40 కిలోమీటర్ల పైనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎలాగోలా బయటపడ్డాక నేను చేసిన మొదటి పని, బండిని కాటా మీదకి ఎక్కించడం. ఖాళీగా ఉన్నప్పుడు ఆ వ్యాన్ 2,150 కిలోలు. అనుమతించిన మొత్తం బరువు 3,000. వెనక యాక్సిల్ పరిమితి 1,600. మధ్యలో 850 కిలోలు ఉన్నాయి కదా, ఇద్దరు మనుషులకు అంతకంటే ఏం కావాలి అనుకుని ధీమాగా ఉన్నాను. మేమిద్దరం కూర్చుని, ట్యాంకులు నింపి తూచితే మొత్తం 3,140 వచ్చింది. ముందు 1,330. వెనక 1,810.

మొత్తం మీద 140 కిలోలు ఎక్కువ. వెనక యాక్సిల్ మీద 210 ఎక్కువ. చక్రాల లెక్క తీస్తే ఎడమ వెనక చక్రం మీద 960, కుడి వెనక చక్రం మీద 850. వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు మూడూ ఎడమ వైపే పెట్టారు మరి.

ఆ ఎడమ చక్రం టైరు మీద ఏం రాసి ఉందో అప్పుడు చూశాను. 225/75 ఆర్ 16, లోడ్ ఇండెక్స్ 104. ఇండెక్స్ 104 అంటే ఒక్క టైరు మోయగలిగింది 900 కిలోలు. దాని మీద 960 పెట్టుకుని మేము ఎండలో, రాళ్ళ మీద, అప్పుడప్పుడు హైవే మీద కూడా తిరిగాం. బండితో వచ్చిన పాత టైరు 215/65 ఆర్ 16 సి, ఇండెక్స్ 109, అంటే 1,030 కిలోలు. చూడ్డానికి మొండిగా, పెద్ద గళ్ళతో ఉన్న కొత్త టైరు అసలు టైరు కంటే తక్కువ మోస్తుంది. ఇదే సైజులో ఎక్కువ ప్లై రేటింగ్‌తో (టైరు పొరల బలాన్ని చెప్పే అంకె), ఇండెక్స్ 115 ఉన్నవి దొరుకుతాయి. అవి 1,215 కిలోలు మోస్తాయి. పక్కపక్కన పెడితే రెండింటికీ తేడా కనిపించదు. ఆ మూడంకెల నంబరు ఎవరూ చదవలేదు. మీరు చదవలేదు, నేనూ చదవలేదు.

దయచేసి దీన్ని ఒకరి నిర్లక్ష్యంగా తీసుకోకండి. ఆ వర్క్‌షాపులో పనిచేసిన ప్రతి ఒక్కరూ తన పని తాను బాగానే చేశారు. వడ్రంగి గట్టిగా ఉండాలని 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ వాడాడు. వెల్డర్ విరగకూడదని ప్లాట్‌ఫారానికి మందపాటి స్టీల్ వాడాడు. ఎలక్ట్రీషియన్ కరెంటు చాలాలని రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు పెట్టాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఒక్కొక్కరూ కొంచెం కొంచెం కలిపారు. మొత్తం కూడి చూసే మనిషి మాత్రం ఎవరూ లేరు. నేనడిగే చీటీ ఆ మనిషి చేయాల్సిన పనే.

ఇంటికి తెచ్చాక బండిని రెండు రోజుల పాటు విప్పాను. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ నేల మీద పెట్టి, విప్పిన ప్రతి ముక్కా తూచి, అట్టపెట్టె మూత మీద పెన్సిల్‌తో రాశాను. ఒక పూర్తి షీట్ 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై, అంటే 8 అడుగులకు 4 అడుగులది, 36 కిలోలు ఉంటుంది. నా బండిలో అలాంటివి నాలుగు షీట్ల సరుకు ఉంది. దాదాపు 145 కిలోలు. డ్రాయర్ పట్టాలు, హింజీలు, లాచ్‌లు అన్నీ ఒక బకెట్లో వేసి తూస్తే 11 కిలోలు. స్క్రూలకు, పట్టాలకు కూడా బరువు ఉంటుందని ఆ రోజు దాకా నాకు తట్టనే లేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది స్టెప్నీ విషయంలో. పెద్ద టైరు బండి కింద పాత చోట పట్టలేదని వెనక తలుపు మీద బ్రాకెట్ వేసి తగిలించారు. బ్రాకెట్టూ చక్రమూ కలిపి 50 కిలోలు. కానీ వెనక యాక్సిల్ మీద అది 50 కిలోలుగా పడదు. నా బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ళ మధ్య దూరం, 3 మీటర్లు. స్టెప్నీ వెనక యాక్సిల్‌కి 1.2 మీటర్లు వెనక వేలాడుతోంది. తూగుడుబల్ల లెక్కే ఇది. వెనక యాక్సిల్ మీద 70 కిలోలు పెరుగుతాయి, ముందు యాక్సిల్ మీద 20 తగ్గుతాయి. 50 కిలోల వస్తువు తగిలిస్తే వెనక చక్రాలకు 70 కిలోల భారం, స్టీరింగ్ తిప్పే చక్రాలకు 20 కిలోల పట్టు నష్టం. వెనక తలుపు మీద పెట్టే నిచ్చెనకీ, పెట్టెలకీ, సైకిళ్ళకీ ఇదే లెక్క. అదే బరువు రెండు యాక్సిళ్ళ మధ్యలో పెడితే రెండూ పంచుకుంటాయి.

సీవీ బూటు ఎందుకు చిరిగిందో కూడా అప్పుడు అర్థమైంది. ముందు వైపు స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) పెట్టి 50 మిల్లీమీటర్లు ఎత్తారు. స్పేసర్ పెడితే బాడీ లేస్తుంది గానీ చక్రం నేల మీదే ఉంటుంది. మధ్యలో ఉన్న డ్రైవ్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే కడ్డీ) ఏటవాలు అవుతుంది. ఆ కోణం పెరిగిన కొద్దీ బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. దానికి తోడు వెనక బరువుకి తోక దిగింది, ముక్కు ఇంకా లేచింది. ముందు స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాలు) ఇంకాస్త సాగింది. షాఫ్టు కోణం ఇంకాస్త పెరిగింది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది. లిఫ్ట్ ఒక్కటే అయితే బూటు ఇంకొన్నాళ్ళు ఓర్చుకునేదేమో. లిఫ్ట్ వేసిన మనిషికి వెనక ఎంత బరువు పడబోతోందో తెలియదు, వెనక బరువు పెట్టిన మనిషికి ముందు లిఫ్ట్ ఉందని తెలియదు.

ఈ మాట చెబితే మీలో చాలామంది ఇచ్చే జవాబు నాకు తెలుసు. "గట్టి స్ప్రింగులు వేయిస్తే సరిపోతుంది." గట్టి స్ప్రింగులతో తోక లేస్తుంది, బంప్ స్టాప్‌కి కొట్టుకోవడం తగ్గుతుంది, నిజమే. కానీ బ్రేకులు అవే. వీల్ బేరింగులు అవే. యాక్సిల్ గొట్టం అదే, టైరు అదే. ప్లేటు మీది అంకె స్ప్రింగు ఒక్కదాన్ని చూసి వేసింది కాదు. స్ప్రింగు మార్చడం వల్ల బరువు కంటికి కనిపించకుండా పోతుంది, ఒంట్లో మాత్రం అలాగే ఉంటుంది. నన్నడిగితే అది ఇంకా ప్రమాదం. తోక దిగిన బండిని చూసి కనీసం అనుమానం వస్తుంది. నిటారుగా నిలబడ్డ బండిని ఎవరూ అనుమానించరు. చట్టప్రకారం, ఇన్సూరెన్స్ ప్రకారం కూడా స్ప్రింగులు మార్చినంత మాత్రాన అనుమతించిన బరువు దానంతట అది పెరగదు.

బరువు సంగతి ఆల్ వీల్ డ్రైవ్ వ్యాన్ల విషయంలో ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి అనడానికి కారణం ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ అని రాసి ఉన్న ప్రతి బండీ జీపు కాదు. ఇప్పటి వ్యాన్లలో చాలావాటికి లో రేంజ్ గేరు, అంటే మెల్లగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేరు, ఉండదు. మామూలుగా ఒక జత చక్రాలే తిరుగుతుంటాయి. అవి జారినప్పుడు మధ్యలో ఉన్న క్లచ్ పలకలు బిగుసుకుని రెండో జతకు శక్తి పంపుతాయి. తడి రోడ్డుకీ, మంచుకీ, తేలికపాటి మట్టికీ అది చక్కటి ఏర్పాటు. లోతైన ఇసుకలోనో, ఎత్తైన రాళ్ళ గట్టు మీదో బరువైన బండిని నిమిషాల తరబడి ఈడ్చుకెళ్ళమంటే ఆ పలకలు వేడెక్కుతాయి. వేడి హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి సిస్టమ్ ఆ రెండో జతను వదిలేస్తుంది. అంటే సాయం బాగా అవసరమైన చోటే సాయం ఆగిపోతుంది. బండిలో అనవసరంగా మోస్తున్న ప్రతి పది కిలోలూ ఆ పలకల మీదే పడతాయి.

పాత బండ్లలో తేడా ఎలా ఉండేదో చూడండి. మిత్సుబిషి డెలికా పాత ఫోర్ వీల్ డ్రైవ్ తరాలకు లో రేంజ్ ఉండేది. 2007లో వచ్చిన డెలికా డి:5కి లేదు. రెండూ మంచి బండ్లే. కానీ రెండింటికీ ఒకే రకమైన ప్లాట్‌ఫారం, ఒకే రకమైన బంపర్, ఒకే రకమైన టైరు తగిలించి ఒకే దారిలో పంపితే ఎలా? ఫోక్స్‌వ్యాగన్ మూడో తరం వ్యాన్‌కి 1985 నుంచి 1992 వరకు సింక్రో అనే ఫోర్ వీల్ డ్రైవ్ రూపం ఉండేది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో స్టెయిర్ డైమ్లర్ పుఖ్ వాళ్ళు దాన్ని తయారుచేసేవాళ్ళు. దానికి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్ళకు శక్తి పంచే విడి గేర్ల పెట్టె) లేదు, లో రేంజ్ లేదు. ముందు, వెనక చక్రాల మధ్య విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవం సాయంతో శక్తి అందించే జోడింపు) ఉండేది. లో రేంజ్ లేని లోటు తీర్చడానికి మామూలు ఒకటో గేరు కంటే తక్కువైన గేరు ఒకటి ప్రత్యేకంగా పెట్టారు. అదే బండికి చక్రాలను 14 అంగుళాల నుంచి 16కి పెంచినప్పుడు ఊరికే చక్రాలు మార్చి ఊరుకోలేదు. బాడీని బలపరిచారు, డ్రైవ్ షాఫ్టులను బలపరిచారు. ఒకటి మారిస్తే దాని భారం ఎక్కడికి పోతుందో వెతుక్కుంటూ వెళ్ళారు. మీ వర్క్‌షాపుకి ఫ్యాక్టరీ ల్యాబ్ ఉండదు, నాకు తెలుసు. ఆ వెతుక్కునే అలవాటు మాత్రం పెట్టుకోవచ్చు. కాటా దాని మొదటి మెట్టు.

టైర్ల గురించి మరో రెండు మాటలు. 215/65 నుంచి 225/75కి వెళ్తే టైరు వ్యాసం సుమారు 686 మిల్లీమీటర్ల నుంచి 744కి పెరుగుతుంది. నేలకీ బండికీ మధ్య నికరంగా పెరిగేది అందులో సగం, 29 మిల్లీమీటర్లు. వెనక గట్టి యాక్సిల్ ఉన్న బండిలో డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో ఉబ్బుగా ఉండే గేర్ల డబ్బా) పైకి లేవాలంటే టైరు ఒక్కటే దారి. స్ప్రింగు లిఫ్టుతో బాడీ లేస్తుంది, ఆ గుండు ఉన్నచోటే ఉంటుంది. ఇది కొనేవాళ్ళకు చాలామందికి తెలియదు, చెప్పండి. అలాగే పెద్ద టైరుతో స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. అది 100 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 108 మీద ఉంటుంది. ఒక్కో గేరులో చక్రం లాగే బలం కూడా దాదాపు అంతే మేర తగ్గుతుంది, లో రేంజ్ లేని బండికి అది చిన్న విషయం కాదు. ఇంకొకటి, స్టెప్నీ మిగతా నాలుగు టైర్ల సైజులోనే ఉండాలి. చిన్న స్టెప్నీ వేసుకుని నడిపితే చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి మధ్యలోని కప్లింగ్ తెరిపి లేకుండా జారుతూ వేడెక్కుతుంది. ఒక టైరు కొత్తది, మూడు అరిగిపోయినవి అయినా కొంతవరకు అదే పరిస్థితి.

గాలి తగ్గించడం నేర్పండి. ఇన్ని వస్తువులు అమ్ముతారు, ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. రోడ్డు మీద 45 పీఎస్ఐతో నడిచే వ్యాన్‌ని మెత్తటి ఇసుకలో 20 దగ్గరికి తెస్తే టైరు నేల మీద పరుచుకుని పొడవుగా ఆనుతుంది. 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ చేయలేని పని ఆ గాలి తగ్గించడం చేస్తుంది. వేగం తక్కువలో ఉంచాలి, గట్టిగా మలుపు తిప్పకూడదు, తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిరావచ్చు. మళ్ళీ గట్టి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి. మంచి ప్రెషర్ గేజ్, ఓపిగ్గా పనిచేసే చిన్న కంప్రెసర్, ఒక పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (కూరుకున్న చక్రం కింద పెట్టే పట్టు పలకలు). ఇవన్నీ కలిపినా ఆ స్టీల్ ప్లాట్‌ఫారంలో సగం బరువు ఉండవు.

పైకప్పు మీద అంత ఎందుకు ఎక్కిస్తాం మనం? ఫొటోలో బాగుంటుందని. ఇది నా మీద నేను కూడా వేసుకుంటున్న ప్రశ్న. అసలే వ్యాన్ ఎత్తైన బండి. లిఫ్టుతో ఇంకా ఎత్తయింది. ఆ పైన 55 కిలోల ప్లాట్‌ఫారం, 20 కిలోల ఆనింగ్, సోలార్ పలకలు, జెర్రీ క్యాన్లు. పక్కకి వాలిన దారిలో ఆ బరువంతా కిందివైపుకి లాగుతుంది. అకస్మాత్తుగా స్టీరింగ్ తిప్పితే స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు) ఫ్యాక్టరీ బండి ఎత్తుకీ బరువుకీ కుదిర్చిన లెక్కలతోనే ఆదుకోవాలని చూస్తుంది. కంపెనీ ఇచ్చే రూఫ్ లోడ్ అంకెలో ర్యాక్ బరువు కూడా కలిసే ఉంటుంది, బండి కదులుతున్నప్పటి అంకె అది. ఆగి ఉన్నప్పుడు కప్పు ఎక్కువ మోస్తుంది, కానీ ఆగి ఉన్నప్పుడు ఎవరికీ ప్రమాదం రాదు కదా.

నీళ్ళు, కరెంటు త్వరగా చెప్పేస్తాను. లీటరు నీళ్ళు కిలో. వంద లీటర్ల ట్యాంకు వెనక ఓవర్‌హ్యాంగ్‌లో (వెనక యాక్సిల్ దాటి వేలాడే భాగంలో) పెట్టడం కంటే, అరవై లీటర్ల ట్యాంకు యాక్సిళ్ళ మధ్య నేలబారుగా పెట్టడం మేలు. వంద ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ 29 కిలోల దాకా ఉంటే, అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోలు. పైగా లెడ్‌లో సగమే వాడుకోవాలి, లిథియంలో దాదాపు మొత్తం వాడుకోవచ్చు. అందుకే నా రెండింటి చోట ఒకటి సరిపోయింది. సున్నా డిగ్రీల కంటే చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు, ఆల్టర్నేటర్ నుంచి నేరుగా కాకుండా డీసీ టు డీసీ చార్జర్ ద్వారా ఇవ్వాలి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. హీటర్ పెట్టినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా బండి బయటికి పంపకండి. ఆ గాలికి రంగూ వాసనా ఉండవు. ఇది బరువు లెక్క కాదు, ప్రాణం లెక్క.

రికవరీ హుక్కు గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. చాలా వ్యాన్లకు ముందు బంపర్‌లో మర వేసి బిగించే కొక్కెం ఒకటే ఇస్తారు. చదును రోడ్డు మీద మెల్లగా లాక్కెళ్ళడానికి ఉద్దేశించింది అది. బురదలో కూరుకుపోయిన మూడు టన్నుల బండిని సాగే తాడుతో గుంజడానికి కాదు. బురద పట్టు, వాలు కలిస్తే లాగాల్సిన బలం బండి బరువుని మించిపోవచ్చు. ట్రెయిలర్ తగిలించే టో బాల్‌కి తాడు వేసి గుంజితే ఇంకా ఘోరం. అది విరిగితే తుపాకీ గుండులా వస్తుంది. అలా మనుషులు చనిపోయారు. మీరు లిఫ్టు వేస్తున్నారంటే ఆ బండి ఎక్కడికి వెళ్తుందో మీకు తెలుసు. అప్పుడు చాసిస్‌కి బోల్టులతో బిగించిన, ఎంత లాగుడుకి తట్టుకుంటుందో అంకె వేసిన రికవరీ పాయింట్లు ముందొకటి, వెనకొకటి లేకుండా పంపకండి. ఆ అంకెను దేనితో పోల్చుకోవాలి? బండి అసలు బరువుతో. మళ్ళీ కాటా దగ్గరికే వచ్చాం.

చిన్న పనుల్లో పెద్ద లాభం ఇచ్చేది ఒకటి చెబుతాను, ఎవరూ అడగరు గనక. డిఫరెన్షియల్ బ్రీదర్ గొట్టం, అంటే ఆ గుండు గాలి పీల్చి వదిలే దారి. గంటసేపు నడిచిన యాక్సిల్ వేడిగా ఉంటుంది. అలాగే వాగులోకి దిగితే చన్నీళ్ళు తగిలి లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను పీల్చుకుంటుంది. ఆ తర్వాత నూనె పాలలా తెల్లబడుతుంది. ఒక గొట్టం ముక్కతో బ్రీదర్‌ని పైకి తీసుకెళ్తే సరిపోతుంది. బరువు వంద గ్రాములు ఉంటుందేమో. రెండు మీటర్ల గొట్టం వేయించుకోని మనం అరవై కిలోల బంపర్ వేయించుకుంటాం.

మీ వైపు ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. "కస్టమర్ అడుగుతాడు, కాదంటే పక్క షాపుకి పోతాడు" అంటారు. నిజమే. నేనూ అడిగాను. ఆ ప్లాట్‌ఫారం నేను అడిగిందే. కానీ ఆ రోజు మీలో ఎవరైనా కాగితం మీద పెన్నుతో "ఇప్పటికి వెనక 1,540 అయింది, మీకు ఇంకా 60 మిగిలాయి, ప్లాట్‌ఫారం కావాలంటే ఏం తీసేద్దాం?" అని అడిగి ఉంటే, నేను పక్క షాపుకి పోయేవాణ్ణి కాను. నా జీవితంలో ఇంకో షాపు గడప తొక్కేవాణ్ణి కాను. మాలాంటివాళ్ళకు కావలసింది సరుకు తెచ్చి బిగించే మనిషి ఒక్కడే కాదు. అడ్డం చెప్పే మనిషి కూడా కావాలి. అద్దంలా మెరిసే క్యాబినెట్ల వెనక సగం చచ్చిన బంప్ స్టాప్ ఉంటే, పైన పటారం లోన లొటారం అన్న మాట మీ పేరు మీదే పడుతుంది.

పని మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, ఆఖర్లో ఒకసారి తూచండి. మొదటిసారి ఖాళీ బండి. కంపెనీ పుస్తకంలో ఉన్న ఖాళీ బరువుని నమ్మకండి, అదనపు సీట్లు, పెద్ద ట్యాంకు లాంటివి ఉంటే అది మారుతుంది. మధ్యలో తూచడం అన్నిటికంటే ముఖ్యం. మంచం, అల్మారాల చట్రం నిలబడ్డాక, పైపూతలు వేయకముందు. ఇంకా మార్చుకునే వీలు ఉన్నప్పుడు తెలియాలి, లేకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఆ తర్వాతే ఎంచండి. బరువు తెలియకుండా స్ప్రింగు ఎంచడం కొలత తీసుకోకుండా చొక్కా కుట్టడమే. లిఫ్టు, టైర్లు అయ్యాక వీల్ అలైన్‌మెంట్ కాగితం కూడా చీటీకి జత చేయండి.

నా బండి సంగతి చెప్పి ముగిస్తాను. 18 మిల్లీమీటర్ల బర్చ్ తీసేసి 12 మిల్లీమీటర్ల పాప్లర్ ప్లైతో మళ్ళీ చేయించాను. అక్కడ 80 కిలోలు పోయాయి. రెండు లెడ్ బ్యాటరీల చోట ఒక లిథియం పెట్టి 46 తగ్గించాను. ప్లాట్‌ఫారం తీసేశాను, 55. నీళ్ళ ట్యాంకు వంద నుంచి అరవైకి తగ్గించి, ట్యాంకును డ్రైవర్ సీటు వెనక ఉన్న చోటికి జరిపాను. స్టెప్నీని వెనక తలుపు మీంచి తీసి మంచం కింద, యాక్సిల్‌కి ముందు పడుకోబెట్టి గట్టిగా బిగించాను. ముందు లిఫ్ట్ 50 నుంచి 25కి తగ్గించాను. ఇండెక్స్ 115 టైర్లు వేశాను. మళ్ళీ మేమిద్దరం కూర్చుని, రెండు ట్యాంకులూ నింపి, అదే కాటా మీద తూచాం. మొత్తం 2,920. ముందు 1,350, వెనక 1,570. బరువు 220 తగ్గింది, అయినా ముందు యాక్సిల్ మీద 20 పెరిగింది చూడండి. స్టీరింగ్ పట్టుకోగానే ఆ తేడా చేతికి తెలిసింది.

వెనక ఇంకా 30 కిలోలే మిగిలాయి. ఆ చీటీ సన్‌వైజర్‌కి క్లిప్పుతో పెట్టి ఉంది. ఏదైనా కొత్త వస్తువు బండెక్కితే చీటీ వెనక పెన్సిల్‌తో రాస్తాను. ఇప్పటిదాకా రాసినవి: మడత కుర్చీలు రెండు, 6 కిలోలు. పెద్ద పార, 2. బ్రేకు పనికీ, గేర్ ఆయిల్ మార్పుకీ వచ్చే నెల మీలో ఒకరి దగ్గరికి బండి తెస్తున్నాను. వచ్చేటప్పుడు ఆ చీటీ కూడా తెస్తాను. మీ దగ్గర వేబ్రిడ్జి లేకపోతే దారిలోనే తూచుకుని వస్తాను, కొత్త అంకెలు మీరు మీ చేత్తో కింద రాసి ఇవ్వండి.

మీ పనిని ఇష్టపడే ఒక కస్టమర్